పాత స్కోపుతో ఎప్పుడో ఒకసారి వచ్చే గ్లిచ్‌ని (క్షణకాలపు తప్పుడు పల్స్‌ని) పట్టేదెలా?

కాయిల్‌బెంచి:

అందరికీ నమస్కారం. నా దగ్గర కాయిల్ చుట్టే మెషీన్ ఒకటుంది. షాఫ్ట్ మీద ఒక గాడి ఉన్న డిస్కు, దానికి ఆప్టికల్ సెన్సర్. సెన్సర్‌ది ఓపెన్ కలెక్టర్ ఔట్‌పుట్, అంటే లైనుని కిందికి లాగగలదే కానీ పైకి లేపలేదు. మీటరున్నర కేబుల్ మీదుగా వచ్చి, 10 కిలోఓమ్‌ల పుల్-అప్‌ రెసిస్టర్‌తో (లైనుని పైన పట్టుకుని ఉంచేది) 5 వోల్టులకి కట్టి, మైక్రోకంట్రోలర్ ఇంటరప్ట్ పిన్‌లోకి (సిగ్నల్ మారగానే ప్రోగ్రామ్‌ని పిలిచేది) వెళ్తుంది. మామూలు వేగంలో 25 మిల్లీసెకన్లకొక పల్స్. 5 మిల్లీసెకన్లు కిందికి దిగి ఉంటుంది, మిగతా సమయమంతా పైన ఉంటుంది. కిందికి దిగే అంచుని లెక్కపెడుతున్నాను.

లెక్కలో అప్పుడప్పుడు ఒక చుట్టు ఎక్కువ పడుతోంది, అరుదుగా రెండు. అంటే కాయిల్లో ఆమేరకు చుట్లు తక్కువ. 120 చుట్ల కాయిల్లో ఒక్కటి తగ్గినా ఇండక్టెన్స్ 1.7 శాతం దాకా పడిపోతుంది కాబట్టి మీటరు మీద వెంటనే దొరికిపోతోంది. ఒక్కోసారి గంటలో రెండు మూడు కాయిళ్ళు పోతాయి, ఒక్కోరోజు సాయంత్రందాకా ఒక్కటీ పోదు.

స్కోపులు (వోల్టేజీ ఎలా మారుతోందో తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపులు) రెండున్నాయి, రెండూ పాతవే. టెక్‌ట్రానిక్స్ టీడీఎస్ 210, అదే కంపెనీ అనలాగ్ స్కోపు 2465. 210ని సెన్సర్ లైను మీద పెట్టి, డివిజన్‌కి (తెర మీది ఒక గడికి) 5 మిల్లీసెకన్లలో, ఆటో ట్రిగర్‌తో చూస్తున్నాను (గీత ఏ క్షణంలో పట్టాలో నిర్ణయించేదే ట్రిగర్). లెక్క తప్పినప్పుడు కూడా తెర మీద పల్సులు శుభ్రంగానే ఉన్నాయి. పల్స్ వెడల్పుని బట్టి ట్రిగర్ చేసే సౌకర్యం ఈ రెంటిలోనూ లేదు. కొత్త స్కోపు లేకుండా దీన్ని పట్టుకోవచ్చా? లేక ఇది సిగ్నల్ సమస్య కాదు, ప్రోగ్రామ్‌లోనే వెతకాలా?

పాతకంట్రోలర్:

పట్టుకోవచ్చండి. ఆ 210 చాలు. నేను పారిశ్రామిక కంట్రోల్ బోర్డుల రిపేర్లు చేస్తాను. ఇలాంటి కేసుల్లో నాకు తేలింది ఏమిటంటే, ఎప్పుడో ఒకసారి వచ్చేదాన్ని కళ్ళతో కనిపెట్టి చూడాలనుకోకూడదు. ఆ పని ట్రిగర్‌కి అప్పగించాలి. స్కోపులో మిగతావన్నీ ఆగుతూ నడుస్తాయి. ఆర్మ్ అయి (పట్టడానికి సిద్ధమై) ఉన్నంతసేపూ, సిగ్నల్‌ని హద్దుతో పోల్చే ట్రిగర్ కంపారేటర్ ఒక్కటే రెప్పవేయకుండా కాపు కాస్తుంది.

ముందు మీకు ఎందుకు కనిపించలేదో లెక్క చూద్దాం. 210 అట్టపెట్టె మీద సెకనుకి 100 కోట్ల శాంపిళ్ళని రాసి ఉంటుంది. అది నిజమే, కానీ ఛానల్‌కి మెమరీ 2500 పాయింట్లే. డివిజన్‌కి 5 మిల్లీసెకన్లంటే 10 డివిజన్లకి 50 మిల్లీసెకన్లు. దాన్ని 2500తో భాగిస్తే 20 మైక్రోసెకన్లకొక శాంపిల్. అంటే సెకనుకి 50 వేలు మాత్రమే. మీ గ్లిచ్ 60 నానోసెకన్లది అనుకోండి, అది ఒక శాంపిల్ మీద పడే అవకాశం మూడు వందల్లో ఒకటి. పైగా ఒక తెర నింపాక గీసి, మళ్ళీ సిద్ధమయ్యే లోపు వచ్చినవన్నీ అసలు లెక్కలోకే రావు.

డివిజన్‌కి 1 మైక్రోసెకన్‌కి వెళ్తే శాంపిళ్ళు దగ్గరవుతాయి, నిజమే. అప్పుడు తెర మొత్తం 10 మైక్రోసెకన్లు. సెకనుకి 50 తెరలు గీసిందనుకున్నా, స్కోపు నిజంగా చూసింది సెకనులో 500 మైక్రోసెకన్లే. మిగతా 99.95 శాతం దానికి చీకటి. అందుకని ఊరికే పర్సిస్టెన్స్ (పాత గీతలు తెర మీద చెరగకుండా ఉంచేది) పెట్టుకుని రోజంతా కూర్చున్నా గంటకి ఒకసారి వచ్చేది దొరకదు.

అక్వైర్ మెనూలో పీక్ డిటెక్ట్ ఉంటుంది, ఇప్పుడే దాన్ని ఆన్ చేయండి. అందులో శాంపిళ్ళు తీసే కన్వర్టర్ పూర్తి వేగంతో నడుస్తూనే ఉంటుంది, ప్రతి వ్యవధిలోనూ అన్నిటికంటే పైది, అన్నిటికంటే కిందది దాచిపెడుతుంది. టైమ్‌బేస్ నెమ్మదిగా ఉన్నా పదుల నానోసెకన్ల ముల్లు సన్నని నిలువు గీతగా కనిపిస్తుంది. గ్లిచ్ ఉందా లేదా, దాదాపు ఏ సమయంలో వస్తోంది అన్నది దాంతో తేలుతుంది. ఆ గీత వెడల్పుని మాత్రం నమ్మొద్దు, అది తెర మీది ఒక పాయింటు వెడల్పు, గ్లిచ్‌ది కాదు.

ఇక ట్రిగర్. ఆటో తీసేసి నార్మల్ పెట్టండి. ఆటోలో ట్రిగర్ రాకపోతే స్కోపు తనంతట తనే స్వీప్ చేసేస్తుంది (కొత్త గీత గీసేస్తుంది), దొరికిన గ్లిచ్ కూడా మరుక్షణం చెరిగిపోతుంది. నార్మల్‌లో చివరిగా పట్టింది తెర మీద అలాగే ఉంటుంది. మొదటిదే కావాలంటే సింగిల్. ట్రిగర్ మెనూలోనే ఉంటుంది.

మీ దగ్గర చిక్కు ఇంకోటుంది. గ్లిచ్ కిందికే దిగుతుంది, అసలు పల్సూ కిందికే దిగుతుంది. అంచు మీద ట్రిగర్ పెడితే ప్రతి చుట్టుకీ ట్రిగర్ అవుతుంది. పవర్ లైన్ లాంటిదైతే మామూలుగా చేరని లెవెల్ దగ్గర ట్రిగర్ పెట్టి వదిలేయొచ్చు, ఇక్కడ అది కుదరదు. కానీ తప్పు పల్స్ ఏదో మీ బోర్డుకి ముందే తెలుసు! మామూలు వేగంలో రెండు పల్సుల మధ్య 25 మిల్లీసెకన్లు ఉండాలి. ఇంటరప్ట్ రొటీన్‌లో టైమర్ చదివి, పోయిన పల్స్ నుంచి 20 మిల్లీసెకన్లు కాకుండానే ఇంకోటి వస్తే ఖాళీగా ఉన్న పిన్‌ ఒకటి పైకి లేపండి. ఆ పని మిగతా అన్నిటికంటే ముందు జరగాలి. ఆ పిన్ స్కోపు ఎక్స్‌టర్నల్ ట్రిగర్‌కి వెళ్ళాలి.

పిన్ లేచేసరికి గ్లిచ్ వచ్చి కొన్ని మైక్రోసెకన్లు అయిపోయి ఉంటుంది, ఫర్వాలేదు. డిజిటల్ స్కోపు గొప్ప ఇక్కడే ఉంది, ట్రిగర్‌కి ముందు జరిగింది కూడా దాని మెమరీలో ఉంటుంది. డివిజన్‌కి 2.5 మైక్రోసెకన్లు పెట్టండి. తెర 25 మైక్రోసెకన్లు, శాంపిల్‌కి 10 నానోసెకన్లు. హారిజాంటల్ పొజిషన్ తిప్పి ట్రిగర్ గుర్తుని కుడి చివర ఒక డివిజన్ ఇవతలికి తెండి. అప్పుడు గతం 22.5 మైక్రోసెకన్లు కనిపిస్తుంది. సింగిల్ పెట్టి మీ పని మీరు చేసుకోండి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. గ్లిచ్ అసలు పల్స్‌కి సరిగ్గా ముందు, అంటే 20 మిల్లీసెకన్లు దాటాక వస్తే, ప్రోగ్రామ్ దాన్ని అసలుదిగా తీసుకుని తరవాతి నిజమైన పల్స్‌ని తప్పంటుంది. తెర మీద నున్నటి మామూలు అంచు కనిపిస్తే కంగారుపడకుండా మళ్ళీ ఆర్మ్ చేయండి.

ప్రోబ్ (స్కోపు నుంచి సిగ్నల్‌ని తాకే తీగ) ×10లోనే, అంటే సిగ్నల్‌ని పదో వంతుకి తగ్గించే స్థానంలోనే ఉండాలి. ×1లో ఆ ప్రోబుల బ్యాండ్‌విడ్త్ 6 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోనే ఆగిపోతుంది, సన్నని ముల్లు కరిగిపోతుంది. 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఆన్‌లో ఉంటే తీసేయండి. గ్రౌండ్ తీగ మాత్రం చాలామంది పట్టించుకోని చోటు. 15 సెంటీమీటర్ల మొసలి క్లిప్ తీగ ఇండక్టెన్స్ దాదాపు 150 నానోహెన్రీలు, ప్రోబ్ కొన దగ్గర కెపాసిటెన్స్ 15 పికోఫారడ్లు, రెండూ కలిసి 100 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల మోగుతాయి. మీ స్కోపు 60 మెగాహెర్ట్జ్‌దే అయినా ఆ మోత కొంత కనిపిస్తుంది. కొనకి దగ్గరగా పొట్టి స్ప్రింగ్ గ్రౌండ్ వాడండి.

ఏదన్నా దొరికాక తప్పకుండా చేయాల్సిన పరీక్ష: ప్రోబ్ కొనని, దాని గ్రౌండ్ క్లిప్పునీ బోర్డు మీద ఒకే గ్రౌండ్ చోట ముట్టించి, మెషీన్ నడిపి చూడండి. అప్పుడు కూడా అదే ముల్లు, అదే ఎత్తున వస్తే అది మీ సిగ్నల్‌లోది కాదు, ప్రోబ్ గాలిలోంచి లాగుతోంది. ఈ పరీక్ష చేయకుండా ఒక్క భాగం కూడా మార్చొద్దని నా గట్టి మాట.

మెషీన్‌లో రిలేలు, సోలినాయిడ్‌లు ఏమన్నా ఉన్నాయా? అది చెప్పండి.

నీలిగీత:

పాతకంట్రోలర్ గారు 2465ని పక్కన పెట్టేశారు, నేను దాని తరఫున రెండు మాటలు చెబుతాను. 300 మెగాహెర్ట్జ్ స్కోపు అది, 60 మెగాహెర్ట్జ్‌ది చూపలేని ముల్లు ఆకారాన్ని చూపుతుంది. గతాన్ని చూపలేదు, లోపలి డిలే లైను వల్ల ట్రిగర్ చేసిన అంచు మాత్రం కనిపిస్తుంది, అంతే. కాబట్టి గ్లిచ్‌కి కారణమైన సంఘటన మీద ట్రిగర్ చేయగలిగితేనే దానితో పని.

సెకనులో కొన్ని కోట్లవ వంతు సేపు ఒక్కసారి గీసిన గీత కంటికి ఆనదు. గది చీకటి చేసి, కెమెరాని తెర ముందు బిగించి, షట్టర్ తెరిచి ఉంచి, సింగిల్ స్వీప్ ఆర్మ్ చేయండి. రెడీ దీపం ఆరాక షట్టర్ మూయండి. ట్రిగర్ వచ్చేదాకా కిరణం ఆపి ఉంటుంది కాబట్టి ఇంటెన్సిటీ బాగా పెంచినా ఫాస్ఫర్‌కి (తెర లోపలి వెలిగే పూతకి) ప్రమాదం లేదు. ఆ రెడీ దీపం వెలుగు, తెర మీది అక్షరాల వెలుగు కెమెరాలోకి వస్తాయి. రీడౌట్ తగ్గించేసుకోండి.

బిట్‌వరస:

ఇంత శ్రమ ఎందుకండీ, యూఎస్‌బీ లాజిక్ ఎనలైజర్ పెట్టి గంటలకొద్దీ రికార్డు చేసుకుని తరవాత వెతుక్కోవచ్చు కదా? 24 మెగాహెర్ట్జ్‌లో శాంపిల్ చేస్తే 42 నానోసెకన్లకి ఒకటి. 60 నానోసెకన్ల గ్లిచ్ తప్పించుకోలేదు.

పాతకంట్రోలర్:

బిట్‌వరస గారూ, ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు వచ్చింది అన్నదానికి అది మంచి సాధనమే, కాదనను. కానీ అది చెప్పేది ఒకటా సున్నానా అని మాత్రమే, అదీ దాని సొంత హద్దుతో. 5 వోల్టుల నుంచి 2 వోల్టుల దాకా దిగి ఆగిపోయిన ముల్లు మైక్రోకంట్రోలర్‌కి సున్నాలా కనిపించి, ఎనలైజర్‌కి ఒకటిలా కనిపించొచ్చు. అప్పుడు రోజంతా రికార్డు చేసినా సిగ్నల్ బాగానే ఉందంటుంది, మీరు ప్రోగ్రామ్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు. ఇక్కడ మనకి కావలసింది ఎంత లోతుకి దిగింది, ఎలా దిగింది అన్నది. అది వోల్టేజీ చూపే సాధనంతోనే తెలుస్తుంది.

గేటుకాపరి:

ప్రోగ్రామ్ మార్చే వీలులేని బోర్డులు కూడా ఉంటాయి కదా, వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. మూడు ఐసీలతో సన్నని పల్సుల్ని పట్టే ట్రిగర్ తయారవుతుంది.

సెన్సర్ సిగ్నల్‌ని 74హెచ్‌సీ14లో (ష్మిట్ ఇన్వర్టర్లు) రెండు గేట్ల గుండా తెచ్చి 74హెచ్‌సీ123 (మోనోస్టేబుల్, అంటే ఒక అంచుకి నిర్ణీత వెడల్పు పల్స్ ఇచ్చేది) ఏ ఇన్‌పుట్‌కి ఇవ్వండి, బీ ఇన్‌పుట్ పైన కట్టండి. కిందికి దిగే ప్రతి అంచుకీ అది 100 మైక్రోసెకన్ల పల్స్ ఇస్తుంది. ఆ పల్స్‌ని 74హెచ్‌సీ74 (క్లాక్ లేచిన క్షణంలో డీ విలువని పట్టి ఉంచే ఫ్లిప్‌ఫ్లాప్) డీ ఇన్‌పుట్‌కి, సిగ్నల్‌నే ఇంకో రెండు హెచ్‌సీ14 గేట్ల గుండా ఆలస్యం చేసి దాని క్లాక్‌కి. సిగ్నల్ మళ్ళీ పైకి లేచేసరికి మోనోస్టేబుల్ ఇంకా పైనే ఉంటే ఆ పల్స్ 100 మైక్రోసెకన్ల కంటే సన్ననిదన్నమాట, ఫ్లిప్‌ఫ్లాప్ పట్టేస్తుంది. అసలు పల్స్ 5 మిల్లీసెకన్లది కాబట్టి అది లేచేసరికి మోనోస్టేబుల్ ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. తరవాతి మామూలు పల్స్ దాన్ని మళ్ళీ దించేస్తుంది కాబట్టి, దాని ఔట్‌పుట్‌ని అదే ఐసీలోని రెండో ఫ్లిప్‌ఫ్లాప్ క్లాక్‌కి ఇచ్చి, రెండోదాని డీ ఇన్‌పుట్ పైన కట్టండి. మొదటిదాని ఔట్‌పుట్ స్కోపు ఎక్స్‌టర్నల్ ట్రిగర్‌కి, రెండోదానిది ఎల్‌ఈడీకి. రెండోదాని క్లియర్ పిన్‌కి ఒక బటన్ పెట్టుకోండి. స్కోపు పక్కన లేకపోయినా ఎల్‌ఈడీ వెలిగి ఉంటే గ్లిచ్ వచ్చిపోయిందని తెలుస్తుంది.

క్లాక్ దారిలో ఆ రెండు గేట్లు ఎందుకంటే, మోనోస్టేబుల్ లేవడానికి కూడా కొన్ని పదుల నానోసెకన్లు పడుతుంది. అవి లేకపోతే మరీ సన్నని గ్లిచ్‌కి క్లాక్ ముందొచ్చేస్తుంది. ఇంకొకటి, 123 పల్స్ వెడల్పు సూత్రంలో గుణకం తయారీదారుని బట్టి మారుతుంది. మీ చేతిలో ఉన్నదాని డేటాషీట్ చూసే రెసిస్టర్, కెపాసిటర్ ఎంచుకోండి. ష్మిట్ గేటు కింది హద్దు మామూలు గేటు కంటే తక్కువ, కాబట్టి పాతకంట్రోలర్ గారు అన్నట్టు సగంలో ఆగిన ముళ్ళని ఇది వదిలేయొచ్చు. అలాంటిచోట సిగ్నల్‌ని ముందు ఒక వేగమైన కంపారేటర్‌కి ఇచ్చి, హద్దు మీరే పెట్టుకోండి.

కాయిల్‌బెంచి:

దొరికిందండి! అందరికీ ధన్యవాదాలు. పాతకంట్రోలర్ గారు చెప్పినట్టు ఖాళీ పిన్‌తో ట్రిగర్ పెట్టాను. మధ్యాహ్నానికి ఒకటి చిక్కింది.

ఒక్క ముల్లు కాదు, గుంపు. 3 మైక్రోసెకన్లపాటు వరసగా, ఒక్కోటి 40 నుంచి 60 నానోసెకన్ల వెడల్పున పైకీ కిందికీ కొట్టుకుంది. అన్నిటికంటే లోతైనది 0.8 వోల్టుల దాకా దిగింది. కొన, క్లిప్పు ఒకేచోట ముట్టించే పరీక్ష కూడా చేశాను. అప్పుడు చిన్నగా అర వోల్టు లోపు కదలిక మాత్రమే ఉంది, అంటే సిగ్నల్‌లో ఉన్నది నిజమైనదే.

రిలేల సంగతి అడిగారు. ఉంది. ఒక వరస చుట్టడం పూర్తయినప్పుడల్లా తీగని బిగించే బ్రేకుకి 24 వోల్టుల డీసీ సోలినాయిడ్ (కరెంటిస్తే లాగే విద్యుదయస్కాంతం) ఉంది, దాన్ని ఒక రిలే కాంటాక్టు నడుపుతుంది. రిలే కాయిల్‌కి, ఆపినప్పుడు ఎగిరే వోల్టేజీని అణచే డయోడ్ ఉంది. సోలినాయిడ్‌కి ఏమీ లేదు. సోలినాయిడ్ తీగలూ సెన్సర్ కేబులూ ఒకే గొట్టంలోంచి వస్తున్నాయి. అయితే ఒక సందేహం. రిలే ప్రతి వరసకీ పనిచేస్తుంది, మరి లెక్క ఎప్పుడో ఒకసారే ఎందుకు తప్పుతోంది?

పాతకంట్రోలర్:

చాలా బాగుందండి, ఆ గుంపు వర్ణనతోనే సగం తేలిపోయింది. ఇండక్టివ్ లోడ్‌ని కాంటాక్టు తెరిచేటప్పుడు ఆర్క్ పుట్టి, ఆరి, మళ్ళీ పుడుతూ ఉంటుంది. ప్రతిసారీ వోల్టేజీ ఒక్కసారిగా కూలుతుంది. ఆ వేగమైన అంచులే పక్కనున్న తీగలోకి దూకుతున్నాయి. మీ లైనుని పైన పట్టుకుని ఉన్నది 10 కిలోఓమ్‌లే, అంత బలహీనమైన పట్టుని కిందికి లాగడం దానికి తేలిక. ఒకటికి బదులు రెండు ఎందుకు పడుతున్నాయో కూడా ఇందులోనే ఉంది. మొదటి ముల్లుకి ఇంటరప్ట్ మొదలవుతుంది, గుంపు ఇంకా మిగిలి ఉంటే ఇంటరప్ట్ ఫ్లాగ్ (ఇంకో అంచు వచ్చిందనే గుర్తు) మళ్ళీ లేస్తుంది.

మీ సందేహానికి జవాబు స్కోపే చెబుతుంది. ఇప్పుడు కారణం తెలుసు కాబట్టి ట్రిగర్ మార్చండి. రెండో ఛానల్‌ని సోలినాయిడ్ వైపు కాంటాక్టు మీద పెట్టి దానితో ట్రిగర్ చేయండి, రిలే కాయిల్‌తో వద్దు. కాయిల్ ఆగాక కాంటాక్టు విడవడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, అదీ ప్రతిసారీ ఒకేలా ఉండదు, తెర మీద ఏదీ నిలవదు. డయోడ్ లేని సోలినాయిడ్ మీద వోల్టేజీ వందల్లోకి ఎగరొచ్చు. ×10 ప్రోబ్ రేటింగ్ చూసుకోండి, అనుమానంగా ఉంటే ×100 ప్రోబ్ వాడండి. రెండు ప్రోబుల గ్రౌండ్ క్లిప్పులూ ఒకే గ్రౌండ్‌కే వెళ్ళాలి. అవి లోపల స్కోపు ఎర్త్‌కే కలిసి ఉంటాయి, ఒకదాన్ని 24 వోల్టుల మీద పెడితే షార్టే.

ఇప్పుడు పర్సిస్టెన్స్ ఇన్ఫినిట్ పెట్టండి. మొదట పనికిరాదన్నది ఇప్పుడు బంగారం, ఎందుకంటే ప్రతి స్వీపూ సరైన క్షణంలోనే మొదలవుతోంది. నీలిగీత గారి 2465 కూడా ఇప్పుడే బయటికి తీయాలి.

కాయిల్‌బెంచి:

చేశాను. పర్సిస్టెన్స్‌లో చిత్రం స్పష్టంగా ఉంది. ప్రతి వరసకీ ముళ్ళు వస్తున్నాయి, కానీ ఎక్కువసార్లు 3 వోల్టుల దగ్గరే ఆగిపోతున్నాయి. ఎప్పుడో ఒకటి 1.5 కిందికి దిగుతోంది, అప్పుడే లెక్క తప్పుతోంది. 2465తో ఫొటో కూడా తీశాను, ముల్లు అంచు 210లో కనిపించిన దానికంటే చాలా నిటారుగా ఉంది.

సోలినాయిడ్ కొసల మీదే డయోడ్ పెట్టాను. సెన్సర్ లైనుకి పుల్-అప్ 2.2 కిలోఓమ్‌లకి తగ్గించి, బోర్డు దగ్గర 1 కిలోఓమ్, 10 నానోఫారడ్‌లతో ఫిల్టర్, దాని వెనక ష్మిట్ గేటు. ముందు డయోడ్ ఒక్కటే పెట్టి చూస్తే తెర మీద ముళ్ళు అర వోల్టుకి పడిపోయాయి. ఫిల్టర్ తరవాత గీత తిన్నగా ఉంది. ఖాళీ పిన్ ట్రిగర్‌ని అలాగే ఉంచాను, ఇప్పటిదాకా ఒక్కసారీ లేవలేదు.

ఒకటే ఇబ్బంది. డయోడ్ పెట్టాక బ్రేకు కొంచెం ఆలస్యంగా వదులుతోంది, వరస మొదట్లో తీగ బిగుతుగా వస్తోంది.

పాతకంట్రోలర్:

ఫిల్టర్ విలువలు సరిపోతాయి. 10 మైక్రోసెకన్ల టైమ్ కాన్‌స్టెంట్, 5 మిల్లీసెకన్ల పల్స్‌కి ఏమీ కాదు. కేబుళ్ళు కూడా వేరే దారుల్లో వేసేయండి.

బ్రేకు ఆలస్యం డయోడ్ వల్లే. సోలినాయిడ్‌లో కరెంటు డయోడ్ గుండా తిరుగుతూ మెల్లగా తగ్గుతుంది, అంతసేపూ అయస్కాంతం పట్టు వదలదు. డయోడ్‌కి వరసలో, ఎదురు దిశలో, 24 వోల్టుల జెనర్ (ఆ వోల్టేజీ దాటితే ఎదురు దిశలోనూ కరెంటుని వదిలే డయోడ్) ఒకటి కలపండి. కరెంటు త్వరగా చస్తుంది. కాంటాక్టు మీద అప్పుడు సప్లయ్‌తో కలిపి 49 వోల్టులు వస్తాయి, మీ రిలేకి డీసీలో అంత తెరిచే రేటింగ్ ఉందో లేదో చూసుకోండి. జెనర్ పెట్టాక పర్సిస్టెన్స్‌లో ఇంకోసారి చూడాలి, ముళ్ళు కాస్త పెరుగుతాయి. ఫిల్టర్ తరవాతి పాయింటు మీద 4 వోల్టుల కిందికి రాకపోతే అలాగే వదిలేయొచ్చు.